గ్రామీణ రోడ్ల కింద కొబ్బరి పీచు భూవస్త్రం: కిలోమీటర్ల లెక్క, మన్నిక లెక్క

(ప్రత్యేక విశ్లేషణ)

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మూడవ దశ కింద చేపట్టే రోడ్ల నిర్మాణంలో కొబ్బరి పీచుతో నేసిన చాపలను వినియోగించాలని 2020 నవంబరులో కేంద్ర గ్రామీణాభివృద్ధి మంత్రిత్వ శాఖకు చెందిన జాతీయ గ్రామీణ మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థ నిర్ణయించిన విషయం విదితమే. రోడ్డు కింద నేలపై పరిచే ఈ చాపకు భారత ప్రమాణాల సంస్థ తన ప్రమాణ పత్రాలలో 'కాయర్ భూవస్త్ర' అని నామకరణం చేసింది. ఆ నిర్ణయం ప్రకారం ఏడు రాష్ట్రాలలో మొత్తం 1,674 కిలోమీటర్ల మేర ఈ పద్ధతిలో రోడ్లు నిర్మించాలని తలపెట్టారు. ఒడిశాలో 470, తమిళనాడులో 369, మహారాష్ట్రలో 328, ఆంధ్రప్రదేశ్‌లో 164, గుజరాత్‌లో 151, తెలంగాణలో 121, కేరళలో 71 కిలోమీటర్ల వంతున కేటాయింపు జరిగింది. ఇందుకు 1 కోటి చదరపు మీటర్ల భూవస్త్రం అవసరమవుతుందనీ, దాని వ్యయం సుమారు 70 కోట్ల రూపాయలనీ అప్పట్లో అంచనా వేశారు.

కోవిడ్ మహమ్మారి వల్ల కొబ్బరి పీచు పరిశ్రమ మందగించిన తరుణంలో వెలువడిన ఈ నిర్ణయాన్ని ఆ పరిశ్రమకు ఊతమిచ్చే చర్యగా అనేకులు స్వాగతించారు. అది సహజమే. అయితే రోడ్డు అనేది పీచు పరిశ్రమ కోసం వేసేది కాదు. పంట బస్తాను మార్కెట్‌కు, విద్యార్థిని ఉన్నత పాఠశాలకు, రోగిని ఆసుపత్రికి చేర్చడం కోసం వేసేది. మూడవ దశ పథకం ముఖ్యోద్దేశం కూడా గ్రామాలను వ్యవసాయ మార్కెట్లకు, ఉన్నత పాఠశాలలకు, వైద్యశాలలకు కలిపే దారులను పటిష్ఠం చేయడమే. కాబట్టి ఎన్ని కిలోమీటర్ల మేర చాప పరిచారన్నది మొదటి లెక్క మాత్రమే. ఆ చాప ఉన్న రోడ్డు లేని రోడ్డుకన్నా ఎన్ని వర్షాకాలాలు ఎక్కువగా నిలిచిందన్నది అసలు లెక్క. ఈ రెండవ లెక్క తేలడానికి పరిశీలించవలసిన అంశాలను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అంకెలు తెలియజేసేది

2020 నాటి అంచనాలను విడదీసి చూచినచో కొన్ని విషయాలు స్పష్టమవుతాయి. 1 కోటి చదరపు మీటర్లను 1,674 కిలోమీటర్లకు పంచితే కిలోమీటరుకు సుమారు 6,000 చదరపు మీటర్లు వస్తాయి. అనగా రోడ్డు పొడవునా సగటున 6 మీటర్ల వెడల్పున చాప పరచాలన్నమాట. సాధారణ గ్రామీణ రోడ్డులో వాహనాలు నడిచే భాగం వెడల్పు 3.75 మీటర్లు. అంటే చాపను తారు ఉన్న మేరకే గాక, ఇరువైపులా ఉండే అంచుల కిందికి కూడా పరచాలన్నది ఈ అంచనాలో ఇమిడి ఉన్నది. అంచుల నుంచే నీరు లోపలికి ఇంకుతుంది కనుక ఇది సమంజసమే.

వ్యయం విషయానికి వస్తే చదరపు మీటరుకు 70 రూపాయలు, కిలోమీటరుకు సుమారు 4 లక్షల 20 వేల రూపాయలు పడుతుంది. 2019 జూలైలో కేంద్ర మంత్రివర్గం మూడవ దశకు ఆమోదం తెలిపినపుడు 1,25,000 కిలోమీటర్లకు 80,250 కోట్ల రూపాయల వ్యయం అంచనా వేసింది. ఆ లెక్కన కిలోమీటరుకు సగటు వ్యయం సుమారు 64 లక్షల రూపాయలు. అందులో భూవస్త్రం వాటా ఆరున్నర శాతం. ఇది పెద్ద మొత్తం కాకపోయినా, విస్మరించదగిన మొత్తమూ కాదు. ఈ అదనపు వ్యయం రెండు మార్గాలలో మాత్రమే తిరిగి రాగలదు. కంకర పొర మందం కొంత తగ్గించగలిగితే నిర్మాణ సమయంలోనే ఆదా అవుతుంది. లేదా మరమ్మతులు తగ్గితే తరువాతి సంవత్సరాలలో ఆదా అవుతుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు కేటాయించిన 285 కిలోమీటర్లకు ఇదే నిష్పత్తిని వర్తింపజేస్తే సుమారు 17 లక్షల చదరపు మీటర్ల చాప, సుమారు 12 కోట్ల రూపాయల వ్యయం అవుతుంది. ఈ పథకంలో నిర్మాణ వ్యయాన్ని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు 60:40 నిష్పత్తిలో భరిస్తాయి. నిర్మాణానంతరం 5 సంవత్సరాల నిర్వహణకు నిధులు సమకూర్చవలసిన బాధ్యత మాత్రం రాష్ట్రాలదే. అందుచేత రోడ్డు ఎంతకాలం మన్నుతుందన్న ప్రశ్న నేరుగా రాష్ట్ర ఖజానాకు సంబంధించిన ప్రశ్న.

చాప చేసే పని

తారు రోడ్డు పైకి ఒకే పలకలా కనిపించినా నిజానికి అది అనేక పొరల సముదాయం. అడుగున సహజమైన నేల లేదా గట్టిపరచిన మట్టి ఉంటుంది. దానిపై గ్రావెల్ లేదా మొరం, ఆ పైన కంకర, అన్నిటికీ పైన తారు పొర ఉంటాయి. వాహనం బరువును ఈ పొరలు అంచెలంచెలుగా విస్తరింపజేసి నేలకు చేరుస్తాయి. వానకాలంలో అడుగు మట్టి నాని మెత్తబడినపుడు బరువైన ట్రాక్టరు ట్రక్కు, ధాన్యం లారీ నడిస్తే పై కంకర రాళ్ళు మట్టిలోకి దిగబడతాయి, అదే సమయంలో బురద పైకి ఉబికి కంకర సందులను నింపుతుంది. ఒకసారి బురద కలిసిన కంకర పొర బరువును పంచే శక్తిని కోల్పోతుంది. పైన చక్రాల జాడలు లోతుగా పడతాయి, తారు పగులుతుంది, గుంతలు ఏర్పడతాయి. గుంత పైన కనిపించినా రోగం అడుగున ఉంటుంది. అందుకే పైన ఎన్నిసార్లు తారు అతికించినా అదే చోట మళ్ళీ గుంత పడడం సర్వసాధారణం.

మట్టికీ కంకరకూ నడుమ పరచిన భూవస్త్రం నాలుగు పనులు చేస్తుంది. మొదటిది, మట్టిని కంకరతో కలవనీయకుండా వేరుగా ఉంచడం. రెండవది, మట్టిరేణువులను ఆపి నీటిని మాత్రం పోనివ్వడం. మూడవది, ఆ నీరు పక్కకు పారిపోవడానికి దారి కల్పించడం. నాలుగవది, చక్రం కింద నేల కుంగబోయినపుడు సాగదీతను ఎదుర్కొని బరువును కొంత విశాలంగా పంచడం. మట్టి నొక్కుడును తట్టుకోగలదు గాని లాగుడును తట్టుకోలేదు. పీచు లాగుడును తట్టుకుంటుంది. మట్టి గోడ కట్టేటపుడు తొక్కిన మట్టిలో వరిగడ్డి కలిపే మన పల్లెల వాడుకలో ఉన్న సూత్రమే ఇది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. అడుగు మట్టి నల్లరేగడి అయినపుడు అది తడికి ఉబ్బుతుంది, ఎండకు కుంచించి బీటలు వారుతుంది. ఈ ఉబ్బును ఏ పీచు చాప కూడా ఆపజాలదు. అందుకు సున్నంతో మట్టిని శుద్ధి చేయడం, ఉబ్బని మట్టిని తెచ్చి పొరగా వేయడం వంటి ఇతర పద్ధతులు ఉన్నాయి. భూవస్త్రం నల్లరేగడిలో బురద పైకి రాకుండా కాపాడగలదు, నీరు తొలగడానికి తోడ్పడగలదు. అంతకుమించి దాని నుంచి ఆశించడం సరికాదు.

పైకప్పు చెప్పే పాఠం

నిర్మాణ రంగంలో పీచు చాపల వినియోగం రోడ్లతో మొదలు కాలేదు. భవనాల పైకప్పులకు నీరు కారకుండా పరిచే తారు ఫెల్టులో కూడా నడుమ ఒక పీచు పొర ఉంటుంది. తారు నీటిని ఆపుతుంది గాని తనంతట తాను నిలువలేదు. ఎండకు మెత్తబడి జారుతుంది, చలికి పెళుసెక్కి పగులుతుంది. లోపలి పీచు పొర దానిని పట్టి నిలుపుతుంది. పూర్వం ఈ పొరకు గోనె వస్త్రాన్ని విరివిగా వాడేవారు. అంచుల ద్వారా తేమ లోపలికి చేరితే గోనె కుళ్ళిపోతుంది. గాజు పీచు కుళ్ళదు. అందుకే దీర్ఘకాలం నిలువవలసిన పైకప్పులకు గాజు పీచు, పాలియెస్టర్ పొరలు గల ఫెల్టులు ప్రాచుర్యంలోకి వచ్చాయి. గాజు పీచు ఆధారంగా గల ఫెల్టులకు భారత ప్రమాణాల సంస్థ ప్రత్యేక ప్రమాణాన్ని కూడా నిర్ణయించింది.

రోడ్లలోనూ ఇదే వివేచన వర్తిస్తుంది. పాత తారు రోడ్డు పగుళ్ళపై కొత్త తారు పొర వేసినపుడు ఆ పగుళ్ళు కొంతకాలానికి పైకి పొడసూపుతాయి. దీనిని జాప్యం చేయడానికి రెండు తారు పొరల నడుమ గాజు పీచు జాలీని గాని, తారుతో తడిపిన పాలియెస్టర్ వస్త్రాన్ని గాని పరుస్తారు. వేడి తారు మిశ్రమాన్ని సాధారణంగా 150 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ వేడితో పరుస్తారు. పాలీప్రొపిలీన్ సుమారు 165 డిగ్రీలకే కరుగుతుంది గనుక అక్కడ దాని వాడకంలో జాగ్రత్త అవసరం. గాజుకు ఆ బెడద లేదు. ఈ ఉదాహరణల సారాంశం ఒక్కటే. ఏ పీచు మంచిది అన్న ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. ఏ చోట, ఎంతకాలం పని చేయవలసి ఉన్నది అన్నదానిని బట్టి పీచును ఎంచుకోవలసి ఉంటుంది.

మూడు ఆయుర్దాయాలు

కొబ్బరి పీచుకు సహజంగా కుళ్ళును తట్టుకునే శక్తి అధికం. అందులోని లిగ్నిన్ అనే పదార్థం 40 శాతానికి పైగా ఉండడమే ఇందుకు కారణం. జనపనారలో ఇది సుమారు 12 శాతం మాత్రమే. ఉప్పునీటిలో నానే పడవ తాళ్ళకు తరతరాలుగా కొబ్బరి పీచునే వాడుతూ రావడం ఈ గుణాన్ని గుర్తించడం వల్లనే. అయినప్పటికీ ఇది శాశ్వతమైన పదార్థం కాదు. నేల తీరు, తేమ, మట్టిలోని సూక్ష్మజీవులను బట్టి నేల లోపల కొబ్బరి పీచు చాప 2 నుంచి 5 సంవత్సరాలలో పటుత్వాన్ని క్రమంగా కోల్పోతుంది. జనపనార చాపకు ఈ కాలం ఇంకా తక్కువ.

మరోవైపు, తక్కువ రాకపోకలు గల గ్రామీణ తారు రోడ్లకు భారత రోడ్ల కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం డిజైన్ కాలం 10 సంవత్సరాలు. గుత్తేదారుపై ఉండే నిర్వహణ బాధ్యత 5 సంవత్సరాలు. ఈ మూడు ఆయుర్దాయాలను పక్కపక్కన పెట్టి చూచినపుడు న్యాయమైన సందేహం ఒకటి తలెత్తుతుంది. చాప కుళ్ళిన తరువాత మిగిలిన సంవత్సరాలలో రోడ్డును నిలిపేది ఏమిటి?

దీనికి ఇంజనీర్లు చెప్పే సమాధానం ఇది. కొత్త రోడ్డుకు అత్యంత ప్రమాదకరమైన కాలం మొదటి రెండు మూడు వర్షాకాలాలు. ఆ కాలంలో అడుగు మట్టి వాహనాల బరువుకు క్రమంగా నొక్కుకుపోయి, తనలోని నీటిని వదిలి, గట్టిపడుతుంది. ఆ గట్టిపడే ప్రక్రియకు చాప అండగా నిలుస్తుంది. మట్టి తన కాళ్ళపై తాను నిలిచిన తరువాత చాప కుళ్ళిపోయినా నష్టం ఉండదు. సెంట్రింగ్ విప్పిన తరువాత శ్లాబు నిలిచినట్లే ఇదీ.

ఈ సమాధానం శాస్త్రీయమైనదే. కాని దానికి ఒక షరతు ఉన్నది. చాప బతికి ఉన్న కాలంలోనే మట్టి గట్టిపడాలి. అందుకు నీరు బయటకు పోయే దారి ఉండాలి. పక్క కాలువలు పూడిపోయి, రోడ్డు ఇరువైపులా పొలాల నీరు నిలిచి, అడుగు మట్టి ఏడాది పొడవునా నానుతూనే ఉంటే అది ఎన్నటికీ గట్టిపడదు. అప్పుడు చాప కుళ్ళిన రోజుననే రోడ్డు కూడా కుంగడం మొదలవుతుంది. కనుక కొబ్బరి పీచు భూవస్త్రం మురుగు కాలువకు ప్రత్యామ్నాయం కాదు. కాలువ ఉన్నపుడు మాత్రమే ఫలితమిచ్చే ఉపకరణం.

కాకినాడ అనుభవం

సహజ పీచు వస్త్రాలను రోడ్డు కింద పరచడం తెలుగు నేలకు కొత్త కాదు. 1990వ దశకంలో కాకినాడ రేవు ప్రాంతంలో సముద్రతీరపు మెత్తని బంకమట్టిపై రోడ్డు నిర్మించవలసి వచ్చినపుడు నేసిన జనపనార వస్త్రాన్ని పరచి నిర్మాణం సాగించారు. నడిస్తేనే కాలు దిగబడే నేలపై యంత్రాలను నడిపించి, మట్టి కట్టను లేపడం అక్కడి ప్రధాన సమస్య. వస్త్రం పరచిన తరువాత అడుగు మట్టిలో తేమ తగ్గి, బలం పెరిగినట్లు పరిశీలనలో తేలింది. దేశంలో జనపనార భూవస్త్రాల చర్చ వచ్చినపుడల్లా ఇంజనీరింగ్ వర్గాలు నేటికీ ఉదహరించే ప్రయోగాలలో ఇది ఒకటి.

ఆ ప్రయోగం నేటికీ ప్రస్తావనకు రావడానికి కారణం ఎక్కువ పొడవున వస్త్రం పరచడం కాదు. పరచడానికి ముందు మట్టి బలం ఎంత, కొన్ని నెలల తరువాత ఎంత అన్నది కొలిచి నమోదు చేయడమే. కొలిచిన కొద్దిపాటి రోడ్డు, కొలవని వందల కిలోమీటర్లకన్నా ఎక్కువ విషయం చెబుతుంది.

ఎక్కడ పరచాలి

అడుగు మట్టి బలాన్ని ఇంజనీర్లు కాలిఫోర్నియా బేరింగ్ రేషియో, క్లుప్తంగా సి.బి.ఆర్. అనే కొలమానంతో సూచిస్తారు. మట్టి నమూనాను 4 రోజులు నీటిలో నానబెట్టిన తరువాత ఈ పరీక్ష జరుపుతారు. గ్రామీణ రోడ్ల మార్గదర్శకాల ప్రకారం సి.బి.ఆర్. విలువ 2 శాతం ఉన్న నేల అతి బలహీనం, 3 నుంచి 4 శాతం బలహీనం, 5 నుంచి 6 శాతం మధ్యస్థం, 7 నుంచి 9 శాతం మంచిది. గోదావరి, కృష్ణా డెల్టాల ఒండ్రు బంకమట్టి, గుంటూరు, ప్రకాశం, కర్నూలు, ఆదిలాబాదు ప్రాంతాల నల్లరేగడి తడిసినపుడు తరచుగా మొదటి రెండు తరగతుల లోనికి వస్తాయి. గట్టి ఎర్ర మొరం నేలలు ఇందుకు భిన్నం.

భూవస్త్రం వల్ల కలిగే ప్రయోజనం నేల ఎంత బలహీనమైతే అంత అధికం. గట్టి మొరం నేలపై పరచిన చాప హాని చేయదు, మేలూ చేయదు. ఖర్చు మాత్రం మిగులుతుంది. 2020 నాటి నిబంధనల ప్రకారం ప్రతి విడత ప్రతిపాదనలలో 15 శాతం పొడవును నూతన సాంకేతిక పద్ధతులతో నిర్మించాలి. అందులో 5 శాతం భారత రోడ్ల కాంగ్రెస్ గుర్తింపు పొందిన పద్ధతులతో ఉండాలి. కొబ్బరి పీచు భూవస్త్రం ఈ గుర్తింపు పొందినందున ఆ 5 శాతానికి అర్హమైంది. కొత్త పద్ధతులను ప్రోత్సహించడానికి ఇటువంటి కనీస పరిమితి అవసరమే. కాని పొడవు పూర్తి చేయడమే లక్ష్యమైన చోట, పని సులువుగా సాగే గట్టి నేలనే ఎంచుకునే అవకాశం లేకపోలేదు. ఆ ప్రమాదం నివారించడానికి ఏ రోడ్డుకు భూవస్త్రం ఎందుకు ఎంపిక చేశారో, అక్కడి సి.బి.ఆర్. విలువ ఎంతో ప్రాజెక్టు నివేదికలో స్పష్టంగా కనిపించాలి.

పరిచే తీరు

సరైన చోటును ఎంచుకున్నా, పరచడంలో లోపం జరిగితే ఫలితం శూన్యం. ముందుగా నేలను చదును చేసి, మొనదేలిన రాళ్ళు, వేర్లు, మోడులు తొలగించి, రోలర్‌తో గట్టిపరచాలి. చాపను ముడతలు లేకుండా రోడ్డు పొడవునా విప్పుతూ పరచాలి. రెండు చుట్టలు కలిసే చోట ఒకదానిపై ఒకటి తగినంత మేర కప్పి, మేకులతో నేలకు బిగించాలి. కంకర వాహనం నేరుగా చాపపై నడవరాదు. ముందు వేసిన కంకర పొర మీదుగా వచ్చి తరువాతి పొర వేయాలి. చాపపై కనీసం 15 సెంటీమీటర్ల పొర పడిన తరువాతే రోలర్, లారీలు దానిపైకి రావడం మేలు.

నేతను గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. విపణిలో లభించే కొబ్బరి పీచు భూవస్త్రాలు సాధారణంగా చదరపు మీటరుకు 400, 700, 900 గ్రాముల బరువులలో, విడి నేతతో, కంటికి కనిపించే గళ్ళతో ఉంటాయి. ఇంత పెద్ద గళ్ళ నుంచి సన్నని బంకమట్టి సులభంగా దూరిపోగలదు. అందుచేత చాపకు తోడుగా పలుచని ఇసుక పొర వేయడం మంచి పద్ధతి. ఈ ఇసుక పొర అంచనాలలో ఉండి నిర్మాణంలో కనబడకపోతే చాప తన నాలుగు పనులలో మొదటి రెండింటిని నెరవేర్చలేదు.

కంకర వేసిన మరుక్షణం చాప కంటికి కనిపించదు. సిమెంటు రోడ్డు మందాన్ని తరువాతనైనా కోర్ తీసి కొలవవచ్చు. భూవస్త్రం అంచులు సరిగా కలిశాయా, ముడతలు పడ్డాయా అన్నది ఆ తరువాత తెలుసుకోవడం చాలా కష్టం. కనుక ఈ పనిలో తనిఖీ చేయవలసిన రోజు ఒకటే. అది చాప పరిచే రోజు. పథకంలో అమలులో ఉన్న మూడంచెల నాణ్యతా పరిశీలన విధానంలో రాష్ట్ర, జాతీయ స్థాయి పరిశీలకులు వచ్చేసరికి ఈ దశ దాటిపోయి ఉండవచ్చు. కాబట్టి పరిచే సమయంలో స్థలాన్ని, తేదీని సూచించే ఛాయాచిత్రాలను, చుట్టల బరువు పరీక్షల ఫలితాలను భద్రపరచడం ఎంతైనా అవసరం.

పీచు మనది, నేత ఎవరిది

ఆంధ్రప్రదేశ్ దేశంలోని ప్రధాన కొబ్బరి ఉత్పత్తి రాష్ట్రాలలో ఒకటి. కోనసీమలోనూ, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోనూ కొబ్బరి జీవనాధారం. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపాను ఉద్దానం తోటలను నేలమట్టం చేసిన సంగతి మరువరానిది. అటువంటి ప్రాంతాలలో కాయతోపాటు డొక్కకు కూడా విలువ లభించడం రైతుకు అదనపు ఆసరా.

చదరపు మీటరుకు 700 గ్రాముల చాపను ప్రమాణంగా తీసుకుంటే రెండు తెలుగు రాష్ట్రాల 285 కిలోమీటర్లకు సుమారు 1,200 టన్నుల పీచు కావాలి. 1,000 డొక్కల నుంచి సుమారు 80 కిలోల పీచు వస్తుందనుకుంటే ఇందుకు సుమారు 1 కోటి 50 లక్షల డొక్కలు సరిపోతాయి. ఏటా 100 కోట్లకు పైగా కాయలు పండే రాష్ట్రానికి ఇది స్వల్పమే. అనగా ముడిసరుకు కొరత కాదు, సమస్య మరొక చోట ఉన్నది.

డొక్క నుంచి పీచు తీయడం ఒక దశ, పీచును పురి పెట్టి నూలుగా వడకడం రెండవ దశ, మగ్గంపై నేయడం మూడవ దశ. విలువ పెరిగేది రెండవ, మూడవ దశలలోనే. నేతకు దేశంలో చిరకాల కేంద్రం కేరళలోని అలప్పుజ. వడుకు, నేత స్థానికంగా లేనిచో మన రోడ్ల కోసం చాపను మరొక చోటు నుంచి తెప్పించుకోవలసి వస్తుంది, మన డొక్క మాత్రం ముడిసరుకుగానే మిగిలిపోతుంది. 1953 నాటి కొబ్బరి పీచు పరిశ్రమ చట్టం కింద ఏర్పడిన కాయర్ బోర్డుకు రాజమహేంద్రవరంలో ప్రాంతీయ కార్యాలయం ఉన్నది. సంప్రదాయ పరిశ్రమల సమూహాల పునరుద్ధరణకు 2005లో ప్రారంభమైన స్ఫూర్తి పథకం వంటి మార్గాలు కూడా ఉన్నాయి. ఈ పరిశ్రమలో పనిచేసేవారిలో అధిక సంఖ్యాకులు స్త్రీలు. ఒక విడత రోడ్ల కోసం వచ్చిన గిరాకీ మరుసటి సంవత్సరం లేకపోతే మగ్గం కొన్నవారు అప్పులో మిగులుతారు. అందుచేత ఏటా ఎంత భూవస్త్రం కావలసి ఉన్నదో ముందుగా ప్రకటించడం, చాప ప్రమాణాన్ని టెండరులో నిర్దిష్టంగా పేర్కొనడం స్థానిక నేతకు రాయితీకన్నా ఎక్కువ మేలు చేయగలవు.

కొలవవలసినవి

ఈ పద్ధతి ఫలితాన్ని నిర్ధారించడానికి పెద్ద పరిశోధనాలయం అవసరం లేదు. భూవస్త్రం పరచిన ప్రతి రోడ్డులోనూ అదే మట్టి, అదే గుత్తేదారు, అదే రాకపోకలు గల కొద్దిపాటి భాగాన్ని చాప లేకుండా నిర్మించి, రెండింటినీ పోల్చి చూడడమే చాలు. ప్రతి వర్షాకాలం ముందు, తరువాత చక్రాల జాడల లోతును కొలవవచ్చు. బెంకెల్‌మన్ బీమ్‌తో బరువు కింద రోడ్డు ఎంత వంగుతున్నదో తెలుసుకోవచ్చు. కోన్ పెనెట్రోమీటరుతో అడుగు మట్టి గట్టిపడిందో లేదో పరీక్షించవచ్చు. ఇవన్నీ ఇంజనీరింగ్ విభాగాలకు పరిచయమైన సాధనాలే. 5 సంవత్సరాల నిర్వహణ కాలంలో రెండు భాగాలపై చేసిన మరమ్మతు ఖర్చులను విడివిడిగా నమోదు చేస్తే కిలోమీటరుకు 4 లక్షల 20 వేల రూపాయలు తిరిగి వచ్చాయా లేదా అన్నది ఎవరికైనా బోధపడుతుంది.

ఈ అంశంపై వార్తలు రాసే పాత్రికేయులు కూడా కొన్ని ప్రశ్నలకు సమాధానాలు రాబట్టడం ప్రయోజనకరం. రోడ్డు ఎంపికకు ముందు నేల సి.బి.ఆర్. ఎంత? చాప బరువు, నేత ఏ ప్రమాణానికి చెందినవి? ఇసుక పొర వేశారా? పక్క కాలువలు ఉన్నాయా, వాటి నీరు ఎక్కడికి పోతుంది? భూవస్త్రం ఉన్నదన్న కారణంతో కంకర మందం తగ్గించారా? తగ్గించి ఉంటే ఎంత? చాప లేని పోలిక భాగం ఎక్కడ ఉన్నది? శంకుస్థాపన ఫలకంపై ఈ వివరాలు ఉండవు. అవి ప్రాజెక్టు నివేదికలో, కొలతల పుస్తకంలో ఉంటాయి.

నాలుగవ దశ ముంగిట

2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం గ్రామ సడక్ యోజన నాలుగవ దశకు ఆమోదం తెలిపింది. 2024-25 నుంచి 2028-29 వరకు 70,125 కోట్ల రూపాయల వ్యయంతో 62,500 కిలోమీటర్ల రోడ్లు నిర్మించి, రోడ్డు సౌకర్యం లేని 25,000 ఆవాసాలను కలపడం దీని లక్ష్యం. ఆ సందర్భంగా నూతన పద్ధతులకు ఉదాహరణలుగా కోల్డ్ మిక్స్, వ్యర్థ ప్లాస్టిక్, పలకల సిమెంటు కాంక్రీటు, పాత రోడ్డు సామగ్రి పునర్వినియోగం, ఫ్లై యాష్, ఉక్కు స్లాగ్ వంటివి పేర్కొన్నారు. కొబ్బరి పీచు పేరు ఆ ఉదాహరణలలో లేదు. దాని వాడకంపై నిషేధమూ లేదు. అయితే అనేక పద్ధతుల నడుమ ఒకదానిని ఇంజనీరు ఎంచుకోవాలంటే అతని చేతిలో ఆధారం ఉండాలి.

ఆ ఆధారం 2020లో కేటాయించిన కిలోమీటర్ల నుంచే రావాలి. కొత్తగా రోడ్డు పడనున్న ఆవాసాలలో అనేకం ఇన్నాళ్ళూ రోడ్డు లేకుండా మిగిలినవి. అటువంటి చోట వేసిన రోడ్డు మూడవ వర్షాకాలానికే కుంగితే, మరమ్మతుకు కంకర, తారు, యంత్రాలు తిరిగి చేరడమే ఒక సమస్య. అక్కడి ప్రజలకు పీచు రకం ముఖ్యం కాదు; వానకాలంలో కూడా అంబులెన్సు ఇంటి దాకా రావడం ముఖ్యం. బలహీనమైన నేలను గుర్తించి, నీటికి దారి చూపి, చాపను శ్రద్ధగా పరచి, ఫలితాన్ని నిజాయితీగా కొలిచినపుడు కొబ్బరి పీచు భూవస్త్రం తక్కువ ఖర్చుతో, నేలకు హాని లేకుండా ఆ అవసరాన్ని తీర్చగలదు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినా అది కంకర కింద పూడ్చిన పీచుగానే మిగిలిపోతుంది.